‘దిగను’ అంటే ఏమవుతుంది?

మూడేళ్ల కిందటి మాట. ఫిబ్రవరి నెల. సర్రీలో వారం రోజులుగా ఒకటే ముసురు. ఊరికి తూర్పు వైపు క్లేటన్‌లో ఒక టౌన్‌హౌస్ సైటులో మేం సూపర్‌వైజర్‌గా ఉన్నాం. మురుగు పైపు వేయడానికి ఆరడుగుల లోతు ట్రెంచి తవ్వించాం. మట్టి జారకుండా పక్కలకు షోరింగ్ పెట్టించలేదు. ట్రెంచ్ బాక్స్ అద్దెకు తెప్పిస్తే సగం రోజు పోతుంది, పైపు వేసేది గంట పని, ఇంతలోకే ఏమవుతుందిలే అనుకున్నాం. కాకినాడ వైపు కుర్రాడొకడు ఉన్నాడు. దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. నిచ్చెన దాకా వచ్చి ఆగిపోయాడు.

“అన్నా, నేను ఇందులోకి దిగనన్నా” అన్నాడు.

నిజం చెప్పాలంటే మాకు ముందు వచ్చింది కోపమే. నలుగురి ముందు మాట కాదన్నాడన్న కోపం. “పొద్దటి నుంచి అందరూ దిగుతున్నరు, నీ ఒక్కనికే ఏమైంది?” అని అరిచాం. వాడు తల వంచుకున్నాడే గానీ కదల్లేదు. ఎక్స్‌కవేటర్ నడిపే పెద్దాయన ఇక్కడివాడే, నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఆయన ఇంజన్ ఆపేసి కిందికి దిగి వచ్చి, కుర్రాడి పక్కన నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మేం ఫోన్ తీసి ట్రెంచ్ బాక్స్‌కు ఆర్డర్ పెట్టాం. మధ్యాహ్నానికి వచ్చింది. పైపు వేశాం. సాయంత్రం యజమాని ఫోన్ చేసి సగం రోజు పోయిందని చీవాట్లు పెట్టాడు.

ఆ ట్రెంచి కూలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మరుసటి వారం పనికి రమ్మని అందరికీ మెసేజ్ వెళ్లింది, ఆ కుర్రాడికి వెళ్లలేదు. ఎందుకని మేం అడగలేదు. ఆ పై వారమూ అడగలేదు. కొన్నాళ్లకు వాడు వేరే చోట పని వెతుక్కున్నాడు. ఇప్పుడు ఎక్కడన్నా కనబడితే “బాగున్నారా అన్నా” అనే పలకరిస్తాడు. ఆ పలకరింపు మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఉద్యోగి నమ్మే విలువలకూ పనిచేసే చోటి పద్ధతులకూ పొత్తు కుదరాలని ఈమధ్య అందరూ చెబుతున్నారు. ఇంటర్వ్యూల్లో కూడా మీ విలువలేమిటని అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకే పరిమితమైన మాటలా కనబడినా, సిమెంటూ ఇనుమూ మోసే మనలాంటి వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. ఆఫీసులో పొత్తు కుదరకపోతే మనసు కష్టపడుతుంది, మహా అయితే ఉద్యోగం మారతారు. సైటులో లెక్క తప్పితే ఇంటికి శవపేటిక వెళుతుంది.

జోడీ కుదిరితే చాలా?

ఈ విషయం మీద పరిశోధనలు చాలానే జరిగాయి. అమెరికాలో ఓరైలీ, చాట్‌మన్, కాల్డ్‌వెల్ అనే ముగ్గురు 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. 54 విలువల జాబితా తయారుచేసి, నీకు ఏది ముఖ్యమో వరసలో పెట్టమని ఉద్యోగులను అడిగారు. అదే జాబితాతో మీ సంస్థ దేనికి విలువ ఇస్తుందో చెప్పమని అక్కడి పాతకాపులను అడిగారు. రెండు వరసలూ ఎంత దగ్గరగా ఉంటే ఉద్యోగికి అంత తృప్తి, సంస్థ మీద అంత మమకారం ఉన్నట్టు తేలింది. దూరంగా ఉన్నవాళ్లు రెండేళ్లు తిరిగేసరికి వెళ్లిపోయే అవకాశం ఎక్కువని కూడా తేలింది.

వినడానికి బాగానే ఉంది. మా టౌన్‌హౌస్ సైటుకు ఇదే పరీక్ష పెట్టి చూడండి. అక్కడివాళ్లకు ఏది ముఖ్యం? చెప్పిన పని చెప్పినట్టు చేయడం, పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడం, కష్టానికి వెనకాడకపోవడం, సర్దుకుపోవడం. పనిచేయించే యజమానికి ఏది ముఖ్యం? అక్షరాలా అవే. నూటికి నూరు మార్కులు! ఆ సైటులో జోడీ కుదరనివాడు ఒక్కడే, ‘దిగను’ అన్న కుర్రాడు. ఆ పరీక్ష ప్రకారం వాడు పనికిరానివాడు. బీసీ చట్టం ప్రకారం మాత్రం ఆ రోజు ఆ సైటులో సరిగా నడుచుకున్నది వాడూ, ఇంజన్ ఆపిన పెద్దాయనా.

అందుకే మేమనేది ఏమిటంటే, పొత్తు కుదిరిందా లేదా అన్నది సగం ప్రశ్నే. దేనితో కుదిరిందన్నది మిగతా సగం. తప్పుడు పద్ధతితో హాయిగా కలిసిపోయినవాడే అందరికంటే పెద్ద ప్రమాదంలో ఉంటాడు.

బెంజమిన్ ష్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లోనే ఇందుకు దగ్గరి మాట చెప్పారు. ఒక సంస్థకు అలాంటి మనుషులే ఆకర్షితులవుతారు, అలాంటివాళ్లనే తీసుకుంటారు, ఇమడనివాళ్లు వెళ్లిపోతారు. చివరికి అంతా ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతారు. అప్పుడు మార్పు అవసరమైనా గుర్తించేవాడు మిగలడన్నది ఆయన హెచ్చరిక. మా యజమాని ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టకపోవడంతో జరిగింది సరిగ్గా ఇదే. కాదనే ఒక్క నోరూ పోయింది. మిగిలినవాళ్లం అందరం తలలూపేవాళ్లమే.

తలూపే అలవాటు

ఈ తలూపుడు మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఐబీఎం ఉద్యోగుల మధ్య 1967 నుంచి 1973 దాకా జరిగిన సర్వేలను ఆధారం చేసుకుని, నెదర్లాండ్స్ ఆచార్యుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో ఒక పుస్తకం వెలువరించారు. పై అధికారికీ కిందివాడికీ మధ్య ఉండే ఎడాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారో అందులో దేశాల వారీగా లెక్క కట్టారు. భారత్‌కు 77 వచ్చింది, కెనడాకు 39. ఒకే కంపెనీ మనుషులను అడిగి తీసిన పాత అంకెలివి, వీటితో ఏ ఒక్క మనిషినీ తూచలేం. అయినా సైటులో నిలబడి చూసేవాళ్లకు ఈ తేడా కొత్తేమీ కాదు.

పెద్దల మాట చద్దిమూట అని విని పెరిగాం. నిజామాబాద్ జిల్లాలో డిప్లొమా చదివే రోజుల్లో సారును ప్రశ్న అడిగితే పొగరనేవారు. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనుల మీద ఉన్నప్పుడు మేస్త్రి మాటే వేదం. దుబాయ్‌లో పనిచేసిన ఆరేళ్లూ “ఎస్ సార్” తప్ప మాకు వేరే ఇంగ్లిష్ అవసరం పడలేదు. వీటన్నిటి మీదా ఇంకో సామెత ఉండనే ఉంది, రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల అని. కట్టుబడి పనిలోకి వచ్చాక భయమేమిటన్న ధీమాతో ఎంతమంది బెల్టు లేకుండా పరంజా ఎక్కారో, మనందరికీ తెలుసు.

ఇక్కడ పెద్ద సైట్లలో పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్ పెడతారు. ఆ రోజు పనేమిటి, అందులో ప్రమాదం ఎక్కడుంది అని చెప్పి, ఎవరికైనా సందేహాలున్నాయా అని అడుగుతారు. మనోళ్లు తల అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఊపుతారు. అది అవునో కాదో ఇక్కడివాళ్లకు అర్థం కాదు. అర్థం కాకపోయినా “ఓకే, ఓకే” అంటాం. అడిగితే తెలివి తక్కువవాడు అనుకుంటారని బెరుకు. అవతలివాడేమో సందేహాలు లేవు కాబట్టి అంతా బాగుందని రాసుకుంటాడు. మన వినయం అక్కడి రికార్డులో సమ్మతి కింద నమోదవుతుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద చేసిన అధ్యయనం 1996లో వచ్చింది. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ బయటపడ్డాయి. ఆ బృందాల్లో మనుషులు తప్పులు దాచుకోకుండా చెప్పగలుగుతున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. మన పనికీ ఇది వర్తిస్తుంది. ఏడాదంతా ఒక్క ఫిర్యాదు కూడా రాని సైటును చూసి సంతోషించకండి. అక్కడ నోళ్లు మూయించారేమోనని అనుమానించండి.

మనోళ్ల దగ్గర పని

సర్రీ సంగతి వేరే చెప్పాలి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊరి జనం 5,68,322. అందులో మూడో వంతు కంటే ఎక్కువమంది దక్షిణాసియా మూలాలవాళ్లే. పంజాబీలు ఎక్కువ, మన తెలుగువాళ్లం వాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. ఫ్రేమింగ్, డ్రైవాల్, కాంక్రీట్, రూఫింగ్ లాంటి పనుల్లో చిన్న చిన్న కాంట్రాక్టర్లు చాలామంది మన దేశంవాళ్లే. ఫ్రేజర్ హైవే వెంట లాంగ్లీ దాకా 16 కిలోమీటర్ల స్కైట్రైన్ మార్గం కడుతున్నారు. ఊరంతా క్రేన్లే. పనికి కొదవలేదని విని మనోళ్లు వస్తూనే ఉన్నారు.

కొత్తగా వచ్చినవాడికి మొదటి పని ఇచ్చేది ఎవరు? పెద్ద కంపెనీ కెనడా అనుభవం ఏదని అడుగుతుంది. మనోడు అడగడు. బేస్‌మెంట్‌లో గది చూపిస్తాడు, మొదటి నెల అద్దె అప్పిస్తాడు, పండక్కి ఇంటికి పిలిచి అన్నం పెడతాడు. మాకూ అలాగే జరిగింది. ఆ మేలు మరిచిపోయేది కాదు. ఈ ఊళ్లో వేల కుటుంబాలు నిలదొక్కుకున్నది అలాంటి చేతుల మీదుగానే.

చిక్కు కూడా అక్కడే ఉంది. ఉప్పు తిన్న విశ్వాసం మనకు పెద్ద విలువ. అన్నం పెట్టినవాడు హార్నెస్ లేకుండా పైకప్పు ఎక్కమంటే ఎలా కాదంటాం? కాదంటే మాట వినలేదని కాదు, ద్రోహం చేశావని అంటాడు. ఓవర్‌టైమ్ లెక్క అడిగితే “మనలో మనకు లెక్కలేంటి తమ్మీ” అంటాడు. విలువలన్నీ కలిసినచోట హక్కు అడగడానికి నోరు రాదు. అదే భాష రాని విదేశీ కంపెనీలో అయితే రూల్ చూపించి అడగగలుగుతాం.

మరి పెద్ద ప్రాజెక్టులన్నీ ధర్మసత్రాలా అంటే కాదు. వాంకూవర్‌లో కెనడా లైన్ సొరంగం తవ్విన రోజుల్లో కోస్టారికా, కొలంబియా, ఈక్వడార్ నుంచి తెచ్చిన పనివాళ్లకు ఒక రకం జీతం, అదే పని చేసే యూరప్ వాళ్లకు ఇంకో రకం జీతం ఇచ్చారు. బసలో, భోజనంలో కూడా తేడా చూపించారు. యూనియన్ వెళ్లి బీసీ మానవ హక్కుల ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు చేసింది. అది వివక్షేనని 2008 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. జీతంలో తేడాతో పాటు, గౌరవానికి భంగం కలిగించినందుకు ఒక్కొక్కరికి 10,000 డాలర్లు ఇవ్వాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ పనివాళ్లు తమ దేశంలో వచ్చేదానికంటే ఇది ఎక్కువే కదా అని సర్దుకుపోయి ఉంటే ఆ తీర్పే లేదు.

గోడ మీది మాట

కంపెనీ విలువలేమిటో తెలుసుకోవడానికి మనం సాధారణంగా గోడ వైపు చూస్తాం. భద్రతే ప్రథమం, నిజాయితీయే మా ఊపిరి అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్కన అవార్డులు ఉంటాయి. వాటిని ఎంతవరకు నమ్మాలో రెండు సంగతులు చెప్తాం.

ఒకటి మన ఇంటిదే. హైదరాబాద్‌లో 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ పేరులోనే సత్యం ఉంది. మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు 2008లో ఆ సంస్థకు వచ్చింది. నెలలు తిరక్కుండానే 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయల పైచిలుకు అసలు లేనే లేదని అందులో ఒప్పుకున్నారు. దాదాపు యాభై వేలమంది ఉద్యోగులు రాత్రికి రాత్రి దిక్కులు చూశారు. వాళ్లలో ఎక్కువమంది నిజాయితీగా పనిచేసినవాళ్లే, కంపెనీ విలువలు తమ విలువలేనని గర్వంగా చెప్పుకున్నవాళ్లే.

రెండోది ఈ దేశానిది. నోవాస్కోషియా రాష్ట్రంలో వెస్ట్రే బొగ్గు గని ఉండేది. 1992 మే 9 తెల్లవారుజామున పేలుడు జరిగి 26 మంది కార్మికులు చనిపోయారు. ఆ పేలుడుకు కొద్ది రోజుల ముందే ఆ గనికి భద్రతా అవార్డు ప్రకటించారు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. గనిలో బొగ్గు ధూళి, మీథేన్ వాయువు పేరుకుపోతున్న సంగతి లోపల పనిచేసేవాళ్లకు తెలుసు. చెప్పినవాళ్ల మాట చెల్లలేదు, చాలామంది ఉద్యోగం పోతుందని భయపడ్డారు.

అంటే గోడ మీద ఉన్నది ఆ సంస్థ తన గురించి చెప్పుకునే మాట. దాని అసలు గుణం తెలియాలంటే ఒక్కటే పరీక్ష. పనివాడు ‘వద్దు’ అన్నాక మొదటి ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుంది? ఎందుకని అడుగుతారా, అరుస్తారా? ఇంకా ముఖ్యంగా, మరుసటి వారం వాడికి పని ఉంటుందా? ఆ రెండూ చూస్తే చాలు, 54 విలువల జాబితా అక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

బీసీలో పనిచేసే మనోళ్లు కొందరికి ఈ సంగతులు ఇప్పటికీ తెలియవు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. ఇక్కడ నాలుగడుగుల కంటే, అంటే 1.2 మీటర్ల కంటే లోతైన ట్రెంచిలోకి మనిషి దిగాలంటే పక్కలను ఏటవాలుగా చెక్కాలి, లేదా షోరింగ్ పెట్టాలి. ఒక ఘనపు మీటరు తడి మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. ఛాతీ దాకా పడినా ఊపిరి ఆడదు. పది అడుగుల ఎత్తు నుంచి పడే ప్రమాదం ఉంటే హార్నెస్ గానీ రెయిలింగ్ గానీ తగిన రక్షణ తప్పనిసరి. ఈ రూళ్లు ఆ రోజు మాకు తెలియక కాదు. తెలిసే పక్కన పెట్టాం.

వర్క్‌సేఫ్‌బీసీ నిబంధనల్లో 3.12 అని ఒకటి ఉంది. అనవసరమైన ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉంటే ఆ పని చేయకూడదు అంటుంది. ఇక్కడ మాట గమనించండి. చేయకపోవచ్చు అనలేదు, చేయకూడదు అంది. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. సూపర్‌వైజర్ వెంటనే వచ్చి చూసి సరిచేయాలి, లేదా ప్రమాదం లేదని తన అభిప్రాయం చెప్పాలి. పనివాడికి ఇంకా నమ్మకం కుదరకపోతే భద్రతా కమిటీలో కార్మికుల తరఫు సభ్యుణ్ని గానీ, యూనియన్ ఎంచినవారిని గానీ, అవి లేనిచోట తను ఎంచుకున్న తోటి పనివాణ్ని గానీ పెట్టుకుని మళ్లీ చూడాలి. అప్పటికీ తేలకపోతే వర్క్‌సేఫ్‌బీసీ అధికారిని పిలవాలి. ఈలోగా అతనికి వేరే పని ఇవ్వచ్చు, జీతం మాత్రం తగ్గించకూడదు.

2022 ఆగస్టులో దీనికి ఇంకో నిబంధన తోడైంది. ఒకడు కాదన్న పనిని ఇంకొకడికి అప్పగించాలంటే, ముందువాడు ఎందుకు కాదన్నాడో, ఇప్పుడు ఎందుకు సురక్షితమనుకుంటున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. కాదనే హక్కు అతనికీ ఉందని కూడా చెప్పాలి. తెలియని కొత్తవాణ్ని గోతిలోకి దింపే పాత ఉపాయానికి ఇది అడ్డుకట్ట.

కాదన్నందుకు పని తగ్గించడం, పిలవడం మానేయడం కూడా చట్టవిరుద్ధమే. ఏడాదిలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. మా కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తెలిసిన మేం చెప్పలేదు.

సూపర్‌వైజర్ అంటే టోపీ రంగు మారినవాడే అనుకోవద్దు. పనివాళ్లకు పని చెప్పి, దగ్గరుండి చేయించే ఎవరైనా ఇక్కడి చట్టం దృష్టిలో సూపర్‌వైజరే. జట్టులో అందరూ ‘అన్న’ అని పిలిచే మనిషి కూడా. వెస్ట్రే దుర్ఘటన తర్వాత కెనడా తన క్రిమినల్ కోడ్‌నే మార్చుకుంది. 2004 మార్చి 31 నుంచి, ఇతరుల చేత పనిచేయించే ప్రతి మనిషికీ వాళ్లకు దెబ్బ తగలకుండా చూడాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఉంది.

కాగితాల భయం

“రూళ్లు బాగానే ఉన్నయ్ గని, నా పర్మిట్ ఆయన చేతుల్ల ఉన్నది కద అన్నా” అని ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఒకే యజమానికి కట్టేసిన పర్మిట్ మీద వచ్చినవాడు విలువల గురించి ఆలోచించే స్థితిలో ఉండడు. ఊళ్లో అప్పు ఉంటుంది, చెల్లెలి పెళ్లి ఉంటుంది. పొత్తు కుదరకపోతే మానేయాలన్న సలహా వాడి విషయంలో ఎగతాళిలా వినిపిస్తుంది.

అయితే పూర్తిగా దారి మూసుకుపోలేదు. యజమాని వేధిస్తున్నాడని, లేదా వేధించే ప్రమాదం ఉందని చూపగలిగితే ఎవరి దగ్గరైనా పనిచేసుకునే పర్మిట్‌కు దరఖాస్తు చేసే వీలు 2019 జూన్ నుంచి ఉంది. పర్మిట్ మీద మనిషిని తెచ్చుకునే యజమానులు బీసీలో ముందుగా రిజిస్టర్ చేసుకోవాలన్న నిబంధన 2020 డిసెంబర్ నుంచి అమలైంది. ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం నేరం. ఆ డబ్బు ‘మనోడు’ తీసుకున్నా నేరమే. మెసేజ్‌లు, గంటల లెక్క, సైటు ఫోటోలు దాచుకోండి. అవసరం పడిన రోజున మాట కంటే అవే గట్టిగా నిలుస్తాయి.

గల్ఫ్‌లో ఉన్నవారి మాట

ఈ పేజీ చదివేవాళ్లలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ ‘దిగను’ అంటే విమానం ఎక్కించేస్తారన్న భయం మాకు తెలియనిది కాదు, ఆరేళ్లు ఆ భయంతోనే బతికాం. తెగించి ఒంటరిగా ఎదురు తిరగండని ఇక్కడ కూర్చుని చెప్పే హక్కు మాకు లేదు. కానీ అక్కడా రాసిపెట్టిన రూళ్లు కొన్ని ఉన్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న విరామం 2005 నుంచి ఉంది. ఖతర్‌లో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వేడి, తేమ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆరుబయట పని ఆపాలి. అడగాల్సి వస్తే ఒక్కరుగా కాకుండా జట్టుగా అడగండి. మీ మీద ఉన్న ఫోర్‌మన్ తెలుగువాడైతే ముందు అతనితో మాట్లాడండి. అతను కూడా ఒకప్పుడు మీ క్యాంపులోనే పడుకున్నవాడు.

మన ఊళ్లనూ మరిచిపోవద్దు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ల నుంచి మన నేలకు పని కోసం వచ్చినవాళ్లు. మనం ఇక్కడికి ఎలా వచ్చామో వాళ్లు అక్కడికి అలా వచ్చారు. మన దగ్గర పనిచేసే పరాయి ఊరివాడికి నోరు తెరిచే వీలు ఎంత ఉందన్నది కూడా మన విలువల లెక్కలోదే.

సూపర్‌వైజర్లుగా మన వంతు

విలువలు మార్చుకోవడమంటే ఇంటి నుంచి తెచ్చుకున్నవన్నీ పారేయడం కాదు. కష్టపడే గుణం, తోటివాడి ఇంట్లో చావైతే చందా వేసుకునే గుణం, పెద్దల పట్ల మర్యాద ఇవన్నీ ఏ దేశంలోనైనా బంగారమే. వదులుకోవాల్సింది ఒక్కటే, ప్రమాదం కళ్ల ముందు కనబడుతున్నా నోరు మూసుకోవడమే మర్యాద అనుకునే అలవాటు. ఉప్పు తిన్న విశ్వాసం ఉంటే యజమానికి కూడా ఈ గొయ్యి ప్రమాదమని చెప్పాలి. మనిషి పోతే ఆయన కంపెనీ కూడా మిగలదు.

ఆ ఫిబ్రవరి తర్వాత మేం కొన్ని పద్ధతులు మార్చుకున్నాం. పొద్దున్నే పని చెప్పాక అర్థమైందా అని అడగం, ఏం చేయబోతున్నావో నువ్వే చెప్పు అంటాం. తలూపుడుకు అవకాశం ఉండదు. ఈ పనిలో భయపెట్టేది ఏమిటో ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాలంటాం. మొదటి వారం ఎవరూ చెప్పలేదు. అందుకని ముందు మా భయం మేమే చెప్పడం మొదలుపెట్టాం, తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఎవరైనా పని ఆపితే నలుగురి ముందూ థాంక్స్ చెబుతాం, ఆ భయం నిజమైనా కాకపోయినా. మరుసటి వారం పిలుపు జాబితాలో వాడి పేరుందో లేదో మేమే చూస్తాం. అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే అవసరమైనది ఈ చివరిదే.

వాంకూవర్‌లో 1981 జనవరి 7న బెంటల్ టవర్ కడుతుండగా 36వ అంతస్తు నుంచి పడి నలుగురు పనివాళ్లు చనిపోయారు. ఏటా ఆ రోజున ఇక్కడి భవన కార్మికులు వాళ్లను తలుచుకుంటారు. ఏప్రిల్ 28న కెనడా అంతటా పనిలో చనిపోయినవాళ్ల సంస్మరణ దినం జరుగుతుంది. మన తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు, సంక్రాంతికి హాలు తీసుకుంటున్నాయి, సంతోషం. ఏడాదికి ఒక ఆదివారం సాయంత్రం ఈ 3.12 ఏమిటో కొత్తగా వచ్చిన పిల్లలకు తెలుగులో చెప్పిస్తే అంతకంటే మేలు ఉండదు. అందుకు పెద్ద హాలు కూడా అక్కర్లేదు, బేస్‌మెంట్‌లో చాపలు పరిచినా సరిపోతుంది.

రేపు పనికి వెళ్లే తమ్ముళ్లకు మేం చెప్పేది ఇంతే. కొత్త చోట చేరాక జీతం ఎంతో, సెలవులెన్నో తప్పకుండా అడగండి. దాంతో పాటు అక్కడ ఇంతకుముందు ఎవరైనా ‘దిగను’ అన్నారా, అన్నవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు అని పాతవాళ్లను మెల్లగా అడిగి తెలుసుకోండి. వాడు ఇంకా అక్కడే పనిచేస్తుంటే మీరు మంచి చోటికే వచ్చారు.

కాకినాడ తమ్ముడూ, నువ్వు ఈ పేజీ చదువుతావని తెలుసు. ఆ వారం మేం యజమానిని అడిగి ఉండాల్సింది. అడగలేదు. తప్పు మాదే.